అడవికీ ఎఫ్‌టీఎల్ గీయాలి

చెరువుకు ఎఫ్‌టీఎల్ ఉంటుంది, అంటే చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు. దాని చుట్టూ బఫర్ జోన్ ఉంటుంది. ఆ గీత దాటి ఇల్లు కట్టుకున్నవారి గుమ్మం ముందుకు, ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా యంత్రాలు రావడం 2024 జూలై తర్వాత హైదరాబాద్‌వాసులకు కొత్త కాదు. అదే నగరంలో సర్కారు భూమిలో పెరిగిన అడవికి మాత్రం అలాంటి గీత లేదు. పైగా అక్కడికి యంత్రాలు వచ్చేది సర్కారు తరఫునే. 2025 మార్చి చివర్లో ఉగాది, రంజాన్ సెలవులు కలిసొచ్చిన రోజుల్లో కంచె గచ్చిబౌలిలో జరిగింది అదే. 400 ఎకరాల్లో సుమారు వంద ఎకరాలు చదునయ్యాక, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తాను కేసు చేపట్టి పని ఆపించాల్సి వచ్చింది.

ప్రభుత్వ వాదన తెలిసిందే. అది ఏనాడూ నోటిఫై అయిన అడవి కాదు, రెవెన్యూ రికార్డుల్లో కంచె (చెట్టూ పొదలూ పెరిగిన మేత భూమి), పోరంబోకు. కాగితం మీద ఆ మాట కొట్టిపారేయదగ్గది కాదు. ఈ చర్చ గచ్చిబౌలి దగ్గరే ఆగకూడదని అనడానికి కారణం కూడా అదే. నగరం చుట్టూ, రాష్ట్రమంతటా ఇలాంటి కంచెలు, గుట్టలు, పశువుల మేతకు వదిలిన గైరాన్‌లు ఉన్నాయి. వాటిలో చెట్లున్నాయి, నెమళ్లున్నాయి, వాననీరు ఇంకే రాళ్ల సందులున్నాయి. చట్టంలో చోటు మాత్రం లేదు. కోర్టు మెట్లెక్కినవి బతుకుతున్నాయి, ఎక్కించేవారు లేనివి లేఅవుట్లవుతున్నాయి. ప్రజల అడవులను కాపాడే పనిని న్యాయమూర్తులకు వదిలేయకుండా రాష్ట్ర శాసనసభే ప్రత్యేక చట్టం చేయాలన్నది మా వాదన.

ఇప్పుడున్న ఏర్పాటులో లోపమెక్కడో చూద్దాం. తెలంగాణ అటవీ చట్టం 1967 ప్రకారం ఒక భూమి రిజర్వు ఫారెస్టు కావాలంటే ముందు సెక్షన్ 4 కింద ఆ ఉద్దేశాన్ని ప్రకటించాలి. తర్వాత సెటిల్‌మెంట్ అధికారి క్లెయిములు పిలిచి, విచారించి, ఎవరి హక్కు ఏమిటో తేల్చాలి. అన్నీ ముగిశాక సెక్షన్ 15 కింద తుది నోటిఫికేషన్ వెలువడుతుంది. చెప్పుకోవడానికి మూడు మెట్లే, ఎక్కేసరికి తరాలు మారుతున్నాయి. సర్వే పూర్తికాదు, సరిహద్దు రాళ్లు పడవు, గెజిట్‌లోని విస్తీర్ణానికీ పహాణీలోని విస్తీర్ణానికీ పొంతన కుదరదు. సెక్షన్ 4 దగ్గరే నిలిచిపోయిన బ్లాకుపై ఎవరైనా పాత కాగితం పట్టుకుని సివిల్ కోర్టుకు వెళితే, అటవీశాఖ చేతిలో ఆ మొదటి ప్రకటన ప్రతి తప్ప గట్టి ఆధారం ఉండదు.

సెక్షన్ 15 దాకా వచ్చినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. ఉమ్మడి వరంగల్ జిల్లాలో 106 ఎకరాల రిజర్వు ఫారెస్టు వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2024 ఏప్రిల్‌లో తీర్పు చెబుతూ న్యాయస్థానం ఆ భూమి అడవేనని తేల్చింది. అంతకుమించి, ప్రభుత్వ యంత్రాంగంలో ఒక విభాగం అడవి కోసం వాదిస్తుంటే మరో విభాగం అవతలి పక్షానికి కలిసొచ్చేలా అఫిడవిట్ వేసిందని గుర్తించి, రాష్ట్రానికీ ప్రైవేటు పక్షానికీ చెరో 5 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. అడవికి అసలు ముప్పు గొడ్డలి కన్నా ముందు ఫైలులో మొదలవుతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కేంద్ర చట్టం ఉంది కదా అనవచ్చు. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టానికి 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు విస్తృతార్థం చెప్పింది. యజమాని ఎవరైనా, రికార్డులో పేరేదైనా, చూడటానికి అడవి అయితే అది అడవే అంది. అలాంటి భూములను గుర్తించడానికి రాష్ట్రాలు నిపుణుల కమిటీలు వేయాలంది. 2023లో పార్లమెంటు తెచ్చిన సవరణ ఆ పరిధిని నోటిఫై అయిన భూములకు, ప్రభుత్వ రికార్డుల్లో అడవిగా నమోదైన భూములకు కుదించింది. 2024 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు మళ్లీ పాత అర్థాన్నే పాటించమంటూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 2025 మార్చి 4న మరో అడుగు ముందుకేసి, నెలలోగా కమిటీలు వేయాలని, అవి ఆరు నెలల్లో అటవీ భూముల సమగ్ర రికార్డు తయారుచేయాలని, లేకుంటే ప్రధాన కార్యదర్శులదే వ్యక్తిగత బాధ్యత అని హెచ్చరించింది. అంటే నోటిఫై కాని అడవికి నేడున్న రక్షణ ఒక మధ్యంతర ఉత్తర్వు. తుది తీర్పు ఎటు మొగ్గినా చెక్కుచెదరని రక్షణ కావాలంటే అది రాష్ట్ర చట్టంలోనే ఉండాలి.

ఆ చట్టంలో మొదట పోరాడాల్సింది నిర్వచనం దగ్గర. 2025 ఆగస్టులో హర్యానా ప్రభుత్వం అడవికి కొలతలు పెట్టింది. విడిగా ఉన్న భూమైతే కనీసం 5 హెక్టార్లు, నోటిఫై అయిన అడవిని ఆనుకుని ఉంటే 2 హెక్టార్లు, రెండింటికీ 40 శాతం చెట్ల నీడ తప్పనిసరి అంది. ఆ లెక్కన ఆరావళిలోని ముళ్ల అడవి చాలావరకు అడవే కాకుండా పోతుంది. అదే గజంబద్ద తెచ్చి హైదరాబాద్ చుట్టూ కొలిస్తే మనకూ అదే గతి. ఇక్కడిది నల్లమల కాదు. గ్రానైట్ బండల మీద జానెడు మన్ను, ఆ మన్నులో మోదుగ, తంగేడు, సీతాఫలం, బలుసు, తుమ్మ, వేప. వేసవిలో ఆకు రాల్చి బోడిగా కనిపించడం దాని స్వభావం. భారత అటవీ సర్వే లెక్కలో 10 నుంచి 40 శాతం నీడ ఉంటే పలుచని అడవి, 10 శాతం లోపయితే పొదల నేల. ఆ పొదల నేల అటవీ విస్తీర్ణంలోకి రానే రాదు. విచిత్రమేమిటంటే నీడ 10 శాతం, విస్తీర్ణం ఒక హెక్టారు దాటితే మామిడి తోట కూడా అదే లెక్కలో అడవి కింద చేరిపోతుంది. ఉపగ్రహం నీడను చూస్తుందే గానీ ఉడుమును, నక్షత్ర తాబేలును చూడదు. కనుక నిర్వచనంలో నీడ శాతం ఒక్కటే కొలమానం కాకూడదు. స్థానిక జాతుల మొక్కలు, వన్యప్రాణుల ఆనవాళ్లు, వాగు పుట్టే చోట్లు, అడవితో ఆనుకుని ఉన్న తీరు కూడా లెక్కలోకి రావాలి. పరిశీలన కనీసం వానాకాలం తర్వాత ఒకసారి, వేసవిలో ఒకసారి జరగాలి. మే నెలలో వెళ్లి చూసి బీడని రాసేస్తే ఆ నివేదికకు విలువ లేదు.

నరికాక శిక్షించడం కన్నా నరకకముందు ఆపడం ఎందుకు ముఖ్యమో కూడా ఈ నేలే చెబుతుంది. మోదుగనో తంగేడునో గొడ్డలితో కొడితే వేరు మిగులుతుంది, రెండు వానలకు మోడు చిగురిస్తుంది. జేసీబీతో వేరుతో సహా పెకలించి, పైమన్ను గీకేసి, బండ పగలగొడితే చిగురించడానికి ఏమీ మిగలదు. ఆ ఖాళీలోకి ముందుగా వచ్చేది వయ్యారిభామ, ఆ తర్వాత సర్కారు తుమ్మ. ఇంత నష్టానికి కేంద్ర అటవీ సంరక్షణ చట్టంలోని శిక్ష గరిష్ఠంగా 15 రోజుల సాధారణ జైలు. ఆ శిక్షకు భయపడి ఆగే కాంట్రాక్టరు ఉంటాడా?

రాష్ట్రానికి ఇలాంటి చట్టం చేసే అధికారం ఉందా అన్న సందేహం అక్కర్లేదు. 1976లో 42వ సవరణతో అడవులు ఉమ్మడి జాబితాలోకి వెళ్లాయి, రాష్ట్రం చేతిలోంచి జారిపోలేదు. కేంద్ర చట్టంతో ఎక్కడైనా పొసగకపోతే 254(2) అధికరణం కింద రాష్ట్రపతి ఆమోదం పొందే దారి ఉంది. నిజానికి ఆ అవసరమూ పెద్దగా రాదు. అటవీ భూమిని వేరే పనికి మళ్లించే ప్రతిపాదన కేంద్రానికి వెళ్లేది రాష్ట్రం ద్వారానే. కేంద్రం సరేనన్నాక తుది ఉత్తర్వు ఇచ్చేదీ రాష్ట్రమే. మొదటి సంతకం, చివరి సంతకం తనవే అయినప్పుడు, ఏయే షరతులు తీరితే తాను సంతకం పెడుతుందో రాష్ట్రం చట్టంలో రాసుకోవడానికి అడ్డేముంది? కేరళ 2008లో వరి పొలాలు, చిత్తడి నేలల రక్షణకు చట్టం చేసి, స్థానిక కమిటీలతో సర్వే నంబర్ల వారీగా డేటా బ్యాంకు తయారు చేయించింది. తమిళనాడు ప్రైవేటు అడవుల రక్షణకు 1949లోనే చట్టం తెచ్చింది.

మన చట్టానికి కూడా గుండెకాయ సర్వే నంబర్ల జాబితాయే కావాలి. రిజర్వు ఫారెస్టులు, సెక్షన్ 4 బ్లాకులు, అడవి లక్షణాలున్న కంచెలు, గైరాన్‌లు, సంస్థలకు కేటాయించి వాడకుండా వదిలేసిన భూములు అన్నీ అందులో ఉండాలి. అటవీ, రెవెన్యూ, సర్వే శాఖలు కలిసి, ఉపగ్రహ సంకేతాలతో కచ్చితంగా కొలిచే డీజీపీఎస్‌తో హద్దులు తీయాలి. ముసాయిదా పటం గ్రామ పంచాయతీలో, వార్డు కార్యాలయంలో తెలుగులో, ఉర్దూలో అంటించి అభ్యంతరాలకు మూడు నెలలు ఇవ్వాలి. జాబితాకెక్కిన ప్రతి సర్వే నంబరూ అదే రోజు రాష్ట్ర భూ రికార్డుల భూభారతి పోర్టల్‌లోకి, రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధిత జాబితాలోకి వెళ్లాలి. ఈ రెండో పని మరిచిపోతే మొదటిదంతా వృథా. పటంలో అడవిగా ఉన్న భూమి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ప్లాట్లుగా చేతులు మారుతుంటే పదేళ్ల తర్వాత కోర్టులో నిలబడేది సేల్ డీడే. సెక్షన్ 4 బ్లాకుల సెటిల్‌మెంట్‌కు రెండేళ్ల గడువు పెట్టాలి. ఆ పనికి అదనపు బాధ్యతల మీద నెట్టుకొచ్చే అధికారి కాక పూర్తికాల అధికారి ఉండాలి.

జాబితా నుంచి ఒక ఎకరం తీసేయాలన్నా శాసనసభ ఓటు తప్పనిసరి చేయాలి. ఇది మరీ కఠినమని అధికారులు అంటారు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం తన అటవీ సంపదను ఎప్పటికీ అడవిగానే ఉంచాలని 1894లో ఏకంగా రాజ్యాంగంలోనే రాసుకుంది. అక్కడ ఆ భూమిని అమ్మాలన్నా మార్చుకోవాలన్నా వరుసగా రెండు శాసనసభలు ఆమోదించి, ఆపై ప్రజలు ఓటేయాలి. మనం అడుగుతున్నది ఒక్క ఓటు. వికారాబాద్ జిల్లా దామగుండంలో నౌకాదళ రాడార్ కేంద్రానికి 1,174 హెక్టార్ల రిజర్వు ఫారెస్టు ఇచ్చారు, 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. మూసీ పుట్టే అనంతగిరి ప్రాంతపు అడవి అది. దేశ రక్షణ అవసరాన్ని మేం తేలిక చేయడం లేదు. 2,900 ఎకరాల అడవి గురించి శాసనసభ ముందు వివరంగా చర్చ పెట్టి, ఎవరు ఎటు ఓటేశారో నమోదు చేయించే నిబంధన మన దగ్గర లేదన్నదే మా అభ్యంతరం.

బఫర్ విషయం కూడా తేల్చాలి. నగరం నడిబొడ్డున 142.5 హెక్టార్ల కేబీఆర్ జాతీయ పార్కు చుట్టూ పర్యావరణ సున్నిత మండలం కొన్నిచోట్ల 3 మీటర్లే. ఆటో తిప్పుకోవడానికి కూడా సరిపోని బఫర్ అది.

పోడు రైతులను ఈ చట్టం తాకకూడదు. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు, తరతరాలుగా అడవిలో బతికేవారికి ఇచ్చిన సాగు హక్కులు, సామూహిక హక్కులు యథాతథంగా కొనసాగుతాయని మొదటి సెక్షన్లలోనే రాయాలి. 2023 జూన్ 30న రాష్ట్రం సుమారు 4 లక్షల ఎకరాలకు పట్టాల పంపిణీ మొదలుపెట్టింది. ఇంకా తేలని దరఖాస్తులను సెటిల్‌మెంట్‌తో పాటే తేల్చాలి. హద్దు తేలకపోతే బలయ్యేది కింది స్థాయి వారే, అటు పోడు రైతు, ఇటు బీట్ ఆఫీసరు. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పోడు వివాదంలో ఒక రేంజ్ అధికారి ప్రాణమే పోయింది. ఎకరాల కొద్దీ అడవిని కాగితాల మీద మార్చేసినవారికి ఎన్నడూ అలాంటి ముప్పు రాలేదు. అందుకే కొత్త చట్టంలో శిక్ష సంతకం పెట్టిన అధికారికి, ఆదేశమిచ్చినవారికి పడాలి. అడవిలో కట్టెపుల్ల ఏరుకున్నవారి జోలికి పోకూడదు.

ఇక డబ్బు మాట. 2023లో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటి పలికింది. అడవిని మళ్లించినప్పుడు కట్టాల్సిన నికర ప్రస్తుత విలువ, జాతీయ పార్కులు, అభయారణ్యాలు కాని చోట, 2022 రేట్ల ప్రకారం అత్యధికంగా హెక్టారుకు సుమారు 16 లక్షలు. ఎకరాకు ఆరున్నర లక్షలు. ఈ రెండు అంకెల మధ్య తేడా ఉన్నంతకాలం ఖజానా ఖాళీ అయినప్పుడల్లా ప్రభుత్వ చూపు కంచెల మీదే పడుతుంది, పార్టీ ఏదైనా. పరిహారపు మొక్కలు ఎక్కడో వందల కిలోమీటర్ల దూరంలో నాటినందువల్ల గచ్చిబౌలి వేడి తగ్గదు. మళ్లింపు తప్పదన్న సందర్భంలో ప్రత్యామ్నాయ భూమి అదే నీటి పరివాహక ప్రాంతంలో ఉండాలని, ఆ భూమి ముందుగా అటవీశాఖ పేరిట నమోదయ్యాకే తొలి చెట్టు మీద చేయి పడాలని చట్టం చెప్పాలి.

బిల్లు తయారయ్యేలోగా ఆగనక్కర్లేని పనులు రెండున్నాయి. రెవెన్యూ శాఖ చేతిలో ఉన్న రిజర్వు ఫారెస్టు భూములు ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాయేమో తేల్చడానికి ప్రత్యేక దర్యాప్తు బృందాలు వేయాలని, అలాంటి వాటిని ఏడాదిలోగా వెనక్కి తీసుకోవాలని, కుదరకపోతే విలువ వసూలు చేయాలని సుప్రీంకోర్టు 2025 మే 15న అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ బృందం మన రాష్ట్రంలో చూసిన సర్వే నంబర్లను, నిపుణుల కమిటీ గుర్తించిన భూముల జాబితాను జిల్లాల వారీగా వెబ్‌సైట్‌లో పెట్టాలి. రెండోది ఒక్క జీవోతో అయిపోతుంది. జాబితా ఖరారయ్యేదాకా రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ టీజీఐఐసీ, హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ వేలం ప్రకటనల్లో కంచె, గైరాన్, సర్కారీ పోరంబోకుగా నమోదైన ఏ సర్వే నంబరూ అటవీశాఖ క్షేత్ర పరిశీలన నివేదిక జతచేయకుండా కనిపించకూడదు. ఆ నివేదిక వేలానికి కనీసం 60 రోజుల ముందు బయటపెట్టాలి, వరుస సెలవుల ముందురోజు కాదు.