మోకాలి నొప్పే కదా అని మేం గూడ అట్లనే అనుకున్నం

పిల్లల్లో ఎముక క్యాన్సర్ ఎందుకు లేట్‌గ బయటపడ్తదో మీరు రాసింది చదువుతుంటే మా అక్క కొడుకే కండ్ల ముందు మెదిలిండు. హన్మకొండల ఇంటర్ చదువుతుండె, కబడ్డీ అంటే పానం, మోకాలు నొస్తుందంటే ఆటల దెబ్బ తాకింది కావచ్చనుకున్నం, ఒక డాక్టరేమో ఎదిగే వయసు నొప్పులని గోలీలిచ్చి పంపిండు, ఊర్ల పసరు కట్టు గూడ కట్టిచ్చినం, అట్లనే మూడు నెలలు పోయినయి. పగలు మంచిగనే తిరిగేటోడు, రాత్రి మాత్రం నిద్రల లేచి కాలు పట్టుకొని కూసునేటోడు. ఓ రోజు అక్క చూస్తే వాని ప్యాంటు ఒక్క కాలుకే బిగుసుకపోయి ఉన్నది, మోకాలి పైన గట్టిగ వాపు. ఎక్స్‌రేలనే తేడా కనవడ్డది, తర్వాత ఎమ్మారై, బయాప్సీ (సూదితోని చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేసిన్రు, ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ అన్నరు.

ఇది ఎక్కువగ 10 నుంచి 20 ఏండ్ల వయసుల, మోకాలి చుట్టే వస్తది. చాలా అరుదు గనుక మామూలు డాక్టర్లకు ఒక్క కేసు గూడ తగలకపోవచ్చు, వాళ్లను పూర్తిగ తప్పు వట్టలేను, కానీ వారాల తరబడి రాత్రి నొప్పి తగ్గకుంటే ఒక్క ఎక్స్‌రే రాస్తే ఏం పోయిందండి? రక్తపరీక్ష మంచిగొచ్చినా జబ్బు లేదని కాదు. ఇంకోటి, బయాప్సీ ఎక్కడవడితే అక్కడ చేయించకున్రి, ఆపరేషన్ చేసే క్యాన్సర్ సర్జన్ దగ్గర్నే చేయించాలె, సూది పోయిన దారి గూడ ఆపరేషన్ల తీసేయాల్సి రావచ్చు. మావోనికి ముందు కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేసిన్రు, కాలు దక్కింది, ఇంకా కీమో నడుస్తుంది.