చెరువు నీటి తొట్టి కాదు

బెంగళూరు లాల్‌బాగ్‌లో ఉదయపు నడకకు వెళ్తే కెంపేగౌడ బురుజున్న బండ మీద తెలుగు మాటలు తప్పక వినిపిస్తాయి. హిందూపురం, మదనపల్లె, అనంతపురం నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు అక్కడ నిలబడి గుండెనిండా గాలి పీల్చుకుంటారు. ఆ బండ వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు. అది పుట్టిననాడు గాలిలో పీల్చుకోవడానికి ఆక్సిజన్ దాదాపు లేనే లేదు.

ఆ ఆక్సిజన్‌ను తయారుచేసినవి సయనోబాక్టీరియాలనే, కంటికి కనిపించని సూక్ష్మజీవులు. ఎండను, నీటిని వాడుకుని అవి వదిలిన ఆక్సిజన్ సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట గాలిలో నిలవడం మొదలుపెట్టింది. అంతకు ముందే సముద్రాల్లో కరిగి ఉన్న ఇనుము తుప్పుగా మారి, పొరలు పొరలుగా అడుగుకు చేరుతూ వచ్చింది. బళ్లారి దగ్గరి సండూరు కొండల్లో మనం తవ్వుకుంటున్న ఖనిజం అలాంటి పొరలలోదే. అవి పేరుకోవడంలో సూక్ష్మజీవుల చేయి ఉందని చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తారు. అలవాటు లేని జీవులకు ఆ కొత్త వాయువు విషమైంది. బతికినవి గాలి సోకని బురదల్లోకి తప్పుకున్నాయి. మిగిలిన చోటంతా ఆక్సిజన్‌తో బతికే ప్రాణులది, చివరికి మనది అయింది.

నేల, నీరు, గాలి ముందే సిద్ధమయ్యాక ప్రాణులు వచ్చి చేరాయని అనుకోవడం మనకు అలవాటు. లాల్‌బాగ్ బండ మీద బూడిదరంగు మచ్చల్లా కనిపించే లైకెన్లను, అంటే బూజు, నాచు కలిసి బతికే జీవులను, ఒకసారి దగ్గరగా చూడండి. అవి వదిలే ఆమ్లాలు రాతిని నెమ్మదిగా కొరికి మట్టిగా మారుస్తాయి. ఆ మట్టిలో మొలిచిన మొక్క వేరు రాతిని ఇంకాస్త చీలుస్తుంది.

నేలను, గాలిని ప్రాణులే తయారుచేస్తాయన్నది మరచిపోయాం కనుకనే చెరువుల విషయంలో ఇంత తప్పుతున్నాం. బెంగళూరులోని బెళ్లందూరు చెరువులో నురగ పొంగింది, 2017లో మంటలూ లేచాయి. మురుగు తెచ్చే పోషకాలతో గుర్రపుడెక్క విపరీతంగా పెరిగి నీటిని కప్పేస్తుంది. కింద వెలుతురు ఉండదు, ఆక్సిజన్ తగ్గి చేపలు చస్తాయి. అప్పుడు అడుగు బురదలో రాజ్యం ఎవరిది? ఒకనాడు ఆక్సిజన్‌కు వెరచి తప్పుకున్న ఆ పాత వంశాలదే. అవి మీథేన్ వదులుతాయి. ఆదిమ భూమి ముక్క ఒకటి మన అపార్ట్‌మెంట్ల పక్కనే తిరిగి తయారవుతుందన్నమాట.

దీనికి మనం చేస్తున్నదేమిటి? పూడిక తీసి, ఒడ్డు చుట్టూ రాతి కట్టుబడి కట్టి, నడక దారి వేసి, దాన్నే పునరుద్ధరణ అంటున్నాం. లోతులేని ఒడ్డును చెరిపేస్తే అక్కడ పెరిగే జమ్ము పోతుంది. వేళ్ల ద్వారా బురదకు ఆక్సిజన్ అందించేది ఆ జమ్మే. మలినాలను విడగొట్టే సూక్ష్మజీవులు ఆ వేళ్లను అంటిపెట్టుకునే బతుకుతాయి. నా దృష్టిలో అలాంటి పని బాగుచేత కాదు, సగం కూల్చివేత. అలా కాక, బెంగళూరులోనే ఉన్న జక్కూరులో మురుగు శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీరు ముందు ఒక చిత్తడి నేల గుండా పారి, ఆ తర్వాతే చెరువులో కలుస్తుంది. నగరంలో ఏ చెరువుకు టెండరు పిలిచినా, కట్టుబడి కొలతల కంటే ముందు జమ్ముకు ఎన్ని ఎకరాలు వదులుతున్నారో అందులో రాసి ఉండాలి.