కార్లు రాని దారిలో సైకిళ్లూ రాకూడదట

ఏటి కరకట్ట వెంట, చదునైన పొలాల మీదుగా, మధ్యలో కాస్త అడవి తగిలేలా సైకిళ్ల కోసం కంకర దారి వేస్తారు. కార్లుండవు, లారీలుండవు, హారన్ వినబడదు. ఇంత మంచి పని చేసేశాక పెద్దలకు మనసు పీకడం మొదలవుతుంది. జనం మరీ ఇంత సుఖంగా వెళ్లిపోతే ఎలా? అందుకని దారి మొదట్లోనే ఒక ఇనుప గేటు బిగిస్తారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఆ పూజారిని ఇనుముతో చేయించి సిమెంటులో పాతితే ఇదిగో, ఇలా ఉంటాడు.

ఆ గేటుగారి గుణగణాలను కీర్తించడానికే ఈ వ్యాసం. దారిదేముంది, ఎవరైనా వేస్తారు. గేటు పెట్టడానికే బుర్ర కావాలి.

ఇందులో రకాలున్నాయి. అటూ ఇటూ రెండు ఇనుప పలకలు, కింద దూరంగా మొదలై పైకి వెళ్లేకొద్దీ దగ్గరై, సరిగ్గా హ్యాండిల్ ఎత్తుకు వచ్చేసరికి గొంతు నొక్కేది ఒకటి. ఒకదాని వెనక ఒకటి ఎదురుబొదురుగా పెట్టిన అడ్డకంచెలు ఇంకోటి. నడుము మధ్యకు విరిగే సైకిలుంటే తప్ప అందులో తిరగదు. మూడోది అర్ధచంద్రాకారపు కంచెలో ఊగే తలుపు. లోపలికి దూరి, ఓ మూలకు నక్కి, తలుపును మన వెనక్కి తోసుకుని బయటపడాలి. మనిషి దాటాలి, పశువు దాటకూడదు అన్న ఉద్దేశంతో పుట్టిన ఏర్పాటది. సైకిల్ తొక్కేవాణ్ణి ఏ జాబితాలో వేశారో అర్థమైపోయింది కదా.

నిజానికి కారును ఆపడానికి ఇంత హంగామా అక్కర్లేదు. మామూలు కారు వెడల్పు ఒక మీటరు 80 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. దారి మధ్యలో ఒక్క స్తంభం పాతి, రెండు పక్కలా మీటరున్నర చొప్పున వదిలితే కారు అక్కడే ఆగిపోతుంది, సైకిల్ ఆగకుండా పోతుంది. నెదర్లాండ్స్‌లోనైతే ఆ ఒక్క స్తంభాన్నీ అనుమానంగానే చూస్తారు. చీకట్లోనో, గుంపులోనో వచ్చే సైకిళ్లు దానికే గుద్దుకుంటున్నాయని, ముందు ఇది అవసరమా అని అడిగి, కాదనుకుంటే పీకేయమంటారు అక్కడి ఇంజినీర్లు. అలాంటి బద్ధకపు ఆలోచనలు మన పెద్దలకు నచ్చవు.

గేటు కార్ల కోసం కాదండీ, మోటారు సైకిళ్ల కోసం అంటారు. బాగుంది. కానీ గేటుకు ఇంజిన్ కనబడదు, చప్పుడు వినబడదు, పెట్రోలు వాసన తెలీదు. దానికి తెలిసిందల్లా హ్యాండిల్ వెడల్పే. ఇప్పటి మౌంటెన్ సైకిళ్లకు హ్యాండిల్ 76 నుంచి 80 సెంటీమీటర్లుంటుంది. మట్టిదారుల్లో దుమ్ము రేపే మోటారు సైకిల్‌దీ దాదాపు అంతే. కంకర దారుల కోసమే చేసిన, వంపు హ్యాండిలున్న గ్రావెల్ సైకిల్ మాత్రం సన్నంగా దూరిపోతుంది, వెనక చక్రానికి రెండు సంచులు కట్టనంతవరకూ. మొత్తం మీద ఈ దారికి అర్హుడెవరయ్యా అంటే ఒంటరివాడు, బక్కపల్చటివాడు, పిల్లలూ సామానూ లేనివాడు, సైకిల్‌ను భుజానికెత్తుకోగల వస్తాదు.

దారి విషయానికొస్తే, వేసినవాళ్లు పాపం మంచివాళ్లే. ఏటి గులకరాళ్లు పరిస్తే గుండ్రంగా ఉండి టైరు కింద దొర్లుతాయి, ముందు చక్రం జారుతుంది. అదే క్రషర్‌లో పగలగొట్టిన పదునైన అంచుల రాయిని దాని పొడితో కలిపి, తడిపి, రోలర్ తిప్పితే ముక్కకు ముక్క బిగుసుకుంటుంది. నీళ్లు పక్కకు జారేలా నడుమ కాస్త ఉబ్బెత్తు ఉంచితే చాలు. అమెరికాలో మిస్సోరీ నది వెంట పాత రైలు మార్గం మీద వేసిన కేటీ ట్రైల్ దాదాపు 240 మైళ్లు ఇలాంటి సున్నపురాయి చూర్ణమే. రైలు నడిచిన చోట పెద్ద ఎత్తుపల్లాలుండవు గనుక 40 మిల్లీమీటర్ల వెడల్పు టైరులో గాలి కొంచెం తగ్గించుకుని తొక్కుతుంటే ఆ కరకరమనే చప్పుడొక్కటే తోడుగా వస్తుంది.

గేటు దగ్గరికి వచ్చేసరికి ఆ నేలను చూడండి. ప్రతివాడూ అక్కడే బ్రేకు నొక్కుతాడు, అక్కడే కాలు ఆనిస్తాడు, అక్కడే చక్రం ఈడుస్తాడు. కంకర లేచిపోయి గుంట పడుతుంది. గుంటలో నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లు తొక్కడం ఇష్టం లేనివాళ్లు పక్కనున్న ముళ్లపొదలోంచి ఇంకో దారి చేసుకుంటారు. కంచె తీగ ఎప్పుడో తెగిపోయి ఉంటుంది. ఆ సందులో నేల అరిగి అరిగి నున్నగా మెరుస్తుంటుంది. ఈ మెరుపు మోటారు సైకిళ్ల చలవే.

నాకు బాగా ఇష్టమైన దృశ్యం ఒకటుంది. ఆదివారం ఉదయం. ఇద్దరు కలిసి తొక్కే పొడుగు సైకిలొకటి గేటు ముందుకొస్తుంది. ముందు ఆయన, వెనక ఆవిడ, దానికి తగిలించిన చిన్న బండిలో మూడేళ్ల బుడతడు. ఆయన దిగాడు. ఆవిడ దిగింది. బుడతడు దిగనన్నాడు. ముందు బండి విప్పారు, తర్వాత సంచులు విప్పారు. సైకిల్ ఇంకా రెండున్నర మీటర్ల పొడవే ఉంది. "ఏవండీ, పెడల్ తగులుతోంది." "తగలనీ, నువ్వు సీటు పట్టుకో." తగిలింది, ఇరుక్కుంది. ఇప్పుడు ముందుకీ పోదు, వెనక్కీ రాదు. వెనక ఐదారు సైకిళ్ల క్యూ కట్టింది. క్యూ అన్నాక సలహాలు ఊరుకుంటాయా? ఎడమకు తిప్పండి, కాదు కుడికి, హ్యాండిల్ ఊడదీయండి, ముందు చక్రం గాల్లోకి లేపండి. ఆయన లేపాడు. సైకిల్ వెనక చక్రం మీద నిటారుగా నిలబడి, క్షణం ఆలోచించి, ఆయన మీదికే ఒరిగింది. బుడతడు చప్పట్లు కొట్టాడు.

అప్పుడొచ్చాడు మోటారు సైకిల్ కుర్రాడు. గేటు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. పొద పక్క సందులోంచి అలవాటుగా అవతలికి దాటి, గుంపును చూసి ఆగి, ఇంజిన్ ఆపి, మర్యాదగా వెనక్కి నడిచొచ్చాడు. "హెల్ప్ కావాలా అంకుల్?" అని సైకిల్ వెనక భాగం ఒంటిచేత్తో ఎత్తి అవతల పెట్టాడు. సంచులందించాడు, బుడతణ్ణి ఎత్తుకుని దాటించాడు. ఆ ఉదయం అక్కడ ఎవరికైనా పనికొచ్చినవాడు అతనొక్కడే. గేటు ఎవరిని ఆపడానికి పెట్టారో అతనే.

ఆఫీసులో ఫైలు మాత్రం సుభిక్షంగా ఉంటుంది. మోటారు సైకిళ్లు కనబడటం లేదా, గేటు పనిచేస్తోందన్నమాట. కనబడుతున్నాయా, ఇంకో గేటు కావాలన్నమాట.

కార్లను ఆపడమంటే ఒకప్పుడు మరోలా ఉండేది. 1954లో అమెరికాలో పోటోమాక్ నది పక్కనున్న పాత చెసపీక్ అండ్ ఒహాయో కాలువ వెంట కార్ల రోడ్డు వేద్దామన్నారు. పడవలను లాగే కంచరగాడిదలు నడిచిన గట్టు అది. వాషింగ్టన్ పోస్ట్ సంపాదకీయం భేషన్నది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్, నాతో వచ్చి ఆ గట్టు మీద నడిచి చూడండి అని సంపాదకుడికి సవాలు విసిరాడు. 184 మైళ్ల పైచిలుకు గట్టు. బయల్దేరినవాళ్లు చాలామంది, చివరిదాకా నిలిచింది ఆయనతో కలిపి తొమ్మిది మంది. రోడ్డు ఆగింది. 1971లో ఆ గట్టు జాతీయ చారిత్రక పార్కయింది. ఇవాళ దాని మీద సైకిళ్లు తిరుగుతున్నాయి. ఆయన పోరాడింది కార్లతో. అదే స్ఫూర్తితో పోరాడాల్సిన శత్రువు మూడేళ్ల బుడతడి బండి అని తెలుసుకోవడానికి మనకు తర్వాతి తరం ఇంజినీర్లు కావలసి వచ్చారు.

బ్రిటన్ ఈ కళలో ఎవరికీ తీసిపోదు. అక్కడి జాతీయ సైకిల్ మార్గాలను చూసుకునే, అప్పట్లో సస్ట్రాన్స్ అని పిలిచే సంస్థ 2018లో తన దారుల్లో అడ్డంకులెన్నో తానే లెక్కపెట్టించింది. 16,000కు పైగా తేలాయి. అప్పటి మార్గాల పొడవూ ఇంచుమించు అన్ని మైళ్లే. అంటే మైలురాళ్లు వేరే పాతుకోనక్కర్లేదు. లెక్క బయటపెట్టి, సరిచేస్తామన్నందుకు ఆ సంస్థను మెచ్చుకోవాలి. గేట్లు పెట్టినవాళ్లెవరూ ఇంతవరకూ లెక్కపెట్టుకున్న పాపాన పోలేదు.

ఇక్కడిదాకా నవ్వుకున్నాం, చాలు. చేతులతో తిప్పే మూడు చక్రాల సైకిళ్లుంటాయి. కాళ్లు పనిచేయనివాళ్లు నేలకు దగ్గరగా కూర్చుని భుజబలంతో తొక్కుతారు. వాళ్లకు వాహనాల రోడ్డు ప్రాణాంతకం, కొండదారి నరకం. చదునుగా, కార్లు లేకుండా, గట్టి కంకరతో ఉన్న దారి ఎవరి కోసమైనా వేశారంటే అది వాళ్ల కోసమే. అలాంటి మనిషి గేటు ముందుకొచ్చి ఆగితే ఎదురుగా బోర్డు: "సైకిల్ దిగి నడవండి." నడవగలిగితే ఆ మనిషి ఆ బండిలో ఎందుకుంటాడు? ఆ బోర్డు రాసినవాడికి, రాయించినవాడికి, సంతకం పెట్టినవాడికి ఒక్కడికైనా సిగ్గనేది ఉండొద్దా? పొడుగు సైకిల్ దంపతులు విసుక్కుంటూనైనా దాటారు. ఈయన వచ్చిన దారినే వెనక్కి పోవాలి. కొన్నిచోట్ల పెద్దమనసుతో పక్కన తాళం వేసిన ఇంకో తలుపు పెడతారు. బ్రిటన్‌లో వైకల్యం ఉన్నవాళ్ల టాయిలెట్లు తెరిచే, రాడార్ అనే పేరున్న తాళంచెవితో అది తెరుచుకుంటుంది. నిటారుగా నిలబడగలిగినవాడికి తాళంచెవి అక్కర్లేదు. నిలబడలేనివాడు తాళంచెవి సంపాదించి, వెంట తెచ్చుకుని, బండిలోంచి ఒరిగి, తాళం అందుకుని, తలుపు లాగి, అది తన మీదే మూసుకోకుండా పట్టుకుని, ఒక చేత్తో బండి నడుపుకుంటూ పోవాలి. దీన్ని సదుపాయం అని రాసుకుంటారు ఫైల్లో.

ఎలా ఉండాలో తెలియకా? అదే బ్రిటన్‌లో 2020లో ప్రభుత్వమే మార్గదర్శకాలు రాసింది. 2.8 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పున్న సైకిల్ కూడా పోయేలా దారిని ఊహించుకోవాలని, స్తంభాల మధ్య మీటరున్నర ఖాళీ వదలాలని అందులో ఉంది. టేపు పట్టుకుంటే అయిపోయే పని.

తీసేసిన గేట్లను ఏం చేయాలన్నదే సమస్యయితే నా దగ్గర సలహా ఉంది. వాటిని మంజూరు చేసిన కార్యాలయాల్లో లిఫ్టు ముందు ఒకటి, క్యాంటీన్ ముందు ఒకటి, అధికారి కారు షెడ్డు ముందు ఒకటి బిగించండి. ఇబ్బందిగా ఉందన్నవాళ్లు తాళంచెవికి అర్జీ పెట్టుకోవచ్చు. ఈలోగా కారు దిగి నడవమనండి.