మహారాజశ్రీ ఎనిమిది కోర్ల ప్రాసెసరు గారికి

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ కోనసీమలో మేమంతా క్షేమం. మీరెలా ఉన్నారని అడగక్కర్లేదు, ఫోను వెనక చెయ్యి పెడితే కాలుతూనే ఉంది.

మిమ్మల్ని అమలాపురంలో కొన్నాను. షాపు కుర్రాడు డబ్బా మీద అంకె చూపించి, "ఆయ్, ఎనిమిది కోర్లండి. ఎనిమిది పనులు ఒకేసారి లాగేస్తాదండి" అన్నాడు. కోరంటే ఫోను మెదడైన ప్రాసెసరులో లెక్కలు చేసే ఒక్కో పనివాడట. ఒక్క కూలికి ఎనిమిది మంది వస్తామంటే ఏ రైతు వద్దంటాడు?

తీరా చూస్తే మీలో పెద్దవాళ్ళు ఇద్దరేనట, మిగతా ఆరుగురూ చిన్నవాళ్ళట. బరువు పనికి పెద్ద కోర్లు, చిల్లర పనికి తక్కువ కరెంటు తాగే చిన్న కోర్లు అన్న ఏర్పాటుని, ప్రాసెసర్లకి నమూనాలు గీసే ఆర్మ్ కంపెనీ 2011లో ప్రకటించింది. ఏర్పాటు మంచిదే. డబ్బా మీద మాత్రం తలలు లెక్కపెట్టారు గానీ ఎవరి బలం ఎంతో రాయలేదు. మీ పూర్వీకులు ఇంకా ఘనులు. 2013 నాటి శాంసంగ్ ఫోను గెలాక్సీ ఎస్4లో ఒక రకానికి ఎనిమిది కోర్లున్నా, ఒకసారికి నలుగురే పనిలోకి దిగేవారు. మస్టరులో ఎనిమిది పేర్లు, చేలో నలుగురు. ఈ విద్య మా కాంట్రాక్టర్లకి ఎప్పటినుంచో వచ్చు.

మీ మేస్త్రిని షెడ్యూలర్ అంటారట. ఆండ్రాయిడ్ అడుగున ఉండి ఫోనుని నడిపించే లినక్స్ కెర్నెల్ అనే ప్రోగ్రాములో కూర్చుని, ఏ పని ఎవరికిస్తే బ్యాటరీ తక్కువ కరుగుతుందో లెక్క చూస్తాడు. వెనకాల నడిచే యాప్‌లను చాలావరకు చిన్నవాళ్ళకే అంటగడతాడు. ఆయన మీద నాకేం ఫిర్యాదు లేదు. వేగం తగ్గితే వోల్టేజీ కూడా తగ్గించొచ్చు, వోల్టేజీ సగమైతే దాని లెక్కన కరెంటు ఖర్చు నాలుగో వంతుకి పడుతుంది. అందుకే ఒకడు రొప్పుతూ చేసేదాన్ని ఇద్దరు నింపాదిగా చేస్తే చవక.

అదీ పని పంచుకోవడానికి వీలైతేనే. ఊడ్పులకి ఎనిమిది మంది దిగితే మడి చకచకా అయిపోతుంది. నారు ఎదగడానికి పట్టే రోజులు మాత్రం నారుమడి చుట్టూ ఎనభై మంది కూర్చున్నా తగ్గవు. జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ ఇంజనీరు 1967లో ఈ లెక్కే చెప్పాడు. పనిలో పావు వంతు విడగొట్టలేనిదైతే, ఎనిమిది కోర్లతో మూడు రెట్ల వేగం కూడా రాదు. ఎన్ని కోర్లు తగిలించినా నాలుగు రెట్లు దాటదు.

మొన్న మే ఎండలో కాలవ గట్టు మీద నిలబడి దుబాయ్‌లో ఉన్న మా బావమరిదికి వీడియో కాల్‌లో కొబ్బరికాయల రాశి చూపిస్తున్నాను. మధ్యలో దింపు కూలి ఇద్దామని డబ్బులు పంపే యాప్ తెరిచాను. తెర బిగుసుకుపోయింది. నొక్కుతున్నాను, ఉలకదు పలకదు. యాప్‌లో వేలి తాకిడిని అందుకోవాల్సింది, తెర మీద ఏం కనిపించాలో సిద్ధం చేయాల్సింది మెయిన్ థ్రెడ్, అంటే ఒకదాని వెనక ఒకటిగా సాగే ముఖ్యమైన పనుల వరస, అదొక్కటేనట. సెకనుకి 60 సార్లు తెర మారాలంటే ఒక్కో బొమ్మకి 16 మిల్లీసెకన్లే గడువు. ఆ థ్రెడ్ ఎక్కడో ఇరుక్కుంటే, అది నడిచే కోరు తప్ప మిగతా ఏడుగురు దానికి చేసే సాయం ఏమీ లేదు. ఐదు సెకన్లు దాటాక, యాప్ పలకడం లేదు, ఆగుతారా మూసేస్తారా అని ఆండ్రాయిడ్ అడిగింది. దింపు కార్మికుడు చెమట తుడుచుకుంటూ ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆగక ఎక్కడికి పోతాను?

పోనీ ఆ వీడియో బరువు మోస్తున్నారేమో అనుకుంటే, వీడియోని కుదించడానికి చిప్పులోనే వేరే భాగం ఉంటుందట. అదీ మీ ఖాతాలోది కాదు. పైగా వేడెక్కితే మీ అంతట మీరే వేగం తగ్గించేసుకుంటారు. డబ్బా మీద రాసిన గిగాహెర్ట్జులు ఏసీ గదిలో కొలిచినవి కాబోలు, మా ఉక్కపోతలో కాదు.

ఖాళీగా ఉన్నారని మిమ్మల్ని తిట్టను. పని లేనప్పుడు మీరు నిద్రపోతేనే నాకు రాత్రికి చార్జింగ్ మిగులుతుంది. నా కోపమంతా ఆ అంకె మీదే. ఐఫోన్ వాళ్ళు 2017 నుంచి ఆరుగురితోనే, ఇద్దరు పెద్ద నలుగురు చిన్న, దర్జాగా నెట్టుకొస్తున్నారు. ధర మాత్రం అడక్కండి. 2016లో పది కోర్ల ఫోన్లు కూడా దిగాయి, తర్వాత కొన్నేళ్ళు వాటి ఊసే లేకుండా పోయింది.

జవాబు రాసేటట్టయితే మీలో ఒక్కరే రాయండి. ఎనిమిది మందీ కలిసి కూర్చున్నా మొదటి వాక్యం అయ్యాకే కదా రెండోది.

ఇట్లు,
ఒక కొబ్బరి రైతు