ఒక్క ‘ఇక్కడ’ కోసం రెండేళ్ళా?

రఘు మా పెద్దక్క కొడుకు. ఎప్పుడో స్పానిష్‌లో డిగ్రీ చేసి, ఇప్పుడు గచ్చిబౌలిలో రాత్రి షిఫ్టులో మెక్సికో కస్టమర్లతో మాట్లాడుతుంటాడు. సింధు మా చిన్నక్క కూతురు. తార్నాకలో విదేశీ భాషలు చెప్పే యూనివర్సిటీ ఇఫ్లూలో స్పానిష్ బీఏ అయిపోయింది, ఎంఏ చేస్తానంటోంది. ఆ ఎంఏలో ఆధునిక సాహిత్యం, సంస్కృతి చదవాలని దాని పట్టుదల. వాళ్ళమ్మకి టెన్షన్. “అన్నయ్యతో ఓసారి మాట్లాడు” అని మా హబ్సిగూడ ఇంటికి పంపింది. రఘుకి ఎనిమిదిన్నరకి షిఫ్టు, మెక్సికోలో అప్పుడే పొద్దున తొమ్మిది. క్యాబ్ వచ్చేదాకా టైముంది. నేను పల్లీలు వేయించి ఇద్దరి మధ్యా పెట్టాను.

రఘు: సూటిగా అడుగుతా. నీకు స్పానిష్ వచ్చు. రేపు ఇంటర్వ్యూకి వెళ్తే ఉద్యోగం వస్తుంది. ఇంకో రెండేళ్ళు నవలలు చదివితే జీతం ఎంత పెరుగుతుంది?

సింధు: పెరగదేమో.

రఘు: అయిపోయింది కదా మరి! పిన్నీ, టీ పెట్టు.

సింధు: ఆగన్నయ్యా. నాకు వచ్చింది ఏ స్పానిష్? మాడ్రిడ్‌లో హోటల్ గది అడగడం, మందుల షాపులో తలనొప్పని చెప్పడం. ఇరవై దేశాల భాష అది. ‘గ్వాగ్వా’ అంటే క్యూబాలో బస్సు, చిలీలో పసిపాప.

రఘు: అవన్నీ పనిలో పడితే వస్తాయి. చేరిన నెలలో ఒకావిడ బిల్లు ‘అఒరీతా’ కడతానంది. డిక్షనరీ ప్రకారం ‘ఇప్పుడే’. సరే, లైన్లో ఉంటానన్నా. ఆవిడ ఫోన్ పెట్టేసింది. మా టీమ్ లీడ్ పడీపడీ నవ్వాడు. మెక్సికోలో అఒరీతా అంటే ఇప్పుడే కావచ్చు, సాయంత్రం కావచ్చు, అసలు ఎప్పటికీ కాకపోవచ్చు. ఇది నాకు ఏ కవి నేర్పాడు చెప్పు?

(ఈ దెబ్బ మాత్రం రఘుదే. సింధు పల్లీల పొట్టు ఊదుతూ కాసేపు ఊరుకుంది.)

సింధు: సరే, ఒప్పుకున్నా. మాట పనిలోనే వస్తుంది. నువ్వు లోర్కాని చదివావా?

రఘు: బట్టీ పట్టా. 1898లో పుట్టాడు, 1936లో కాల్చి చంపారు, స్పెయిన్‌లో 1927 నాటి కవుల జట్టు ‘27 తరం’లో ఒకడు, ఆ తరంలో ఇంకో ఐదుగురి పేర్లు రాస్తే ఐదు మార్కులు. నేను చదివినచోట సాహిత్యం అంటే సార్ చెప్తుంటే నోట్సు రాసుకోవడమే. ఇక సంస్కృతి పేపరంటే ఎద్దుల పోరు, ఫ్లమెంకో, టమాటాలు విసురుకునే పండగ. మళ్ళీ దానికే రెండేళ్ళా?

సింధు: అది చెప్పినవాళ్ళ తప్పు, లోర్కా ఏం చేస్తాడు! ఆయన ఆఖరి నాటకం ‘బెర్నార్దా అల్బా ఇల్లు’. భర్త పోతే ఒక తల్లి ఐదుగురు కూతుళ్ళని ఎనిమిదేళ్ళు మైల పట్టమంటుంది. అన్నాళ్ళూ వీధి గాలి కూడా లోపలికి రాకూడదంటుంది. రాసిన రెండు నెలలకి ఆయన్నే చంపేశారు. మొదటి ప్రదర్శన 1945లో, అదీ స్పెయిన్‌లో కాదు, బ్యూనస్ ఐరిస్‌లో. గ్రనాదా ఊరి కథని అట్లాంటిక్ దాటించి ఎందుకు ఆడాల్సొచ్చిందో తెలియాలంటే స్పెయిన్ అంతర్యుద్ధం తెలియాలి, అందులో గెలిచి నియంతైన ఫ్రాంకో తెలియాలి, ప్రవాసం వెళ్ళినవాళ్ళ సంగతి తెలియాలి. మాకు సంస్కృతి పేపర్ అంటే అది.

(వీధి గాలి అనగానే నాకు మా మేనత్త ఇల్లు గుర్తొచ్చింది. మూసిన ఆ కిటికీ తలుపుల సందులోంచి ఐస్ బండి గంట వినిపించేది. వాళ్ళ గొడవలో నేనెందుకని చెప్పలేదు.)

రఘు: కథ బాగుంది. కానీ ఇంగ్లిష్‌లో దొరుకుతుందిగా? సాహిత్యం మీద అంత ప్రేముంటే తెలుగు ఎంఏ చెయ్యి. చాసో ఉన్నాడు, కారా ఉన్నాడు. వాళ్ళనే చదివేవాళ్ళు లేరు.

సింధు: చాసోని నేరుగా స్పానిష్‌లోకి తీసుకెళ్ళాలంటే రెండు సాహిత్యాలూ తెలిసిన మనిషి ఉండాలి కదా.

రఘు: తీసుకెళ్తావు. అచ్చు ఎవరేస్తారు? డబ్బులెవరిస్తారు?

సింధు: ...

రఘు: చెప్పు.

సింధు: తెలీదు. నిజంగా తెలీదన్నయ్యా.

(ఈ ప్రశ్నకి జవాబు నా దగ్గరా లేదు. టీ ఇచ్చాను.)

రఘు: నిన్ను ఏడిపించాలని కాదే. నీ మంచికే. ఇంకోటి విను. ఒకసారి గాంధీ జయంతి, ఊరంతా సెలవు, మాకు లేదు. మెక్సికో సిటీ నుంచి ఓ పెద్దాయన ఫోన్. “ఇవాళ రోడ్లన్నీ మూసేశారు, టెక్నీషియన్ని పంపకు, నేనూ ఊరేగింపుకి పోతున్నా” అన్నాడు. అక్టోబర్ 2 కదా, వాళ్ళకీ గాంధీ ఉన్నాడేమో అనుకుని “హ్యాపీ హాలిడే సార్” అన్నా. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత పెట్టేశాడు.

సింధు: అయ్యో అన్నయ్యా! 1968లో అదే రోజు త్లతెలోల్కో చౌక్‌లో సైన్యం విద్యార్థుల్ని కాల్చేసింది. పదిరోజుల్లో ఒలింపిక్స్ పెట్టుకుని. అప్పుడు ఢిల్లీలో మెక్సికో రాయబారి ఎవరనుకున్నావు? కవి ఒక్తావియో పాస్. ఆ కాల్పులకి నిరసనగా పదవి వదిలేసుకున్నాడు. ఏటా ఆ రోజు జనం ఊరేగింపు తీస్తారు, ‘మర్చిపోలేదు’ అంటూ.

రఘు: ...ఆయనకి అరవై పైనే ఉంటాయి, గొంతుని బట్టి.

సింధు: విద్యార్థేమో అప్పట్లో.

రఘు: సర్లే. తెలిసినా ఏం చేసేవాణ్ణి? కాల్ ఏడు నిమిషాలు దాటితే నా స్కోర్ పడిపోతుంది.

సింధు: హ్యాపీ హాలిడే అనకుండా ఉండేవాడివి.

(రఘు గ్లాసు కింద పెట్టాడు. ఉక్రోషం వచ్చింది వాడికి, మొహం చూస్తే తెలిసిపోతుంది.)

రఘు: పెద్ద పెద్ద విషయాలు వదిలెయ్. ఇంగ్లిష్‌లో దొరకనిది, క్లాసులో కూర్చుంటేనే తెలిసేది ఒక్కటి చూపించు. ఒక్కటే.

సింధు: మెక్సికో రచయిత హువాన్ రుల్ఫో నవల ‘పెద్రో పారమో’, 1955. నువ్వు చదవలేదు కాబట్టి గుట్టు విప్పేస్తున్నా, తిట్టకు. తండ్రిని వెతుక్కుంటూ ఒకడు కొమాలా అనే ఊరెళ్తాడు. అక్కడందరూ చచ్చినవాళ్ళే. సగం నవల అయ్యాక తెలుస్తుంది, మనకి కథ చెప్తున్నవాడు కూడా చచ్చి, ఆ ఊళ్ళోనే సమాధిలో ఉన్నాడని.

రఘు: అయితే?

సింధు: మొట్టమొదటి వాక్యంలోనే ఆ సంగతి ఉంది. కొమాలాకి ‘వెళ్ళాను’ అనడు, ‘వచ్చాను’ అంటాడు. నాన్న ‘అక్కడ’ ఉంటాడని చెప్పారనడు. ‘అకా’ అంటాడు. ఇక్కడ. అంటే ఊరు దాటి వచ్చి కథ చెప్పట్లేదు, ఇంకా అక్కడే ఉన్నాడు. నా దగ్గరున్న ఇంగ్లిష్ అనువాదంలో అది కాస్తా ‘అక్కడ’ అయిపోయింది. మా మేడం ఆ ఒక్క మాట మీద గంట చెప్పింది.

రఘు: మీ మేడం సాగదీస్తోంది. రోజుకి నలభై కాల్స్ వింటాను, నాకు చెప్పకు. ‘ఇక్కడ’ అని వేలు పెట్టి చూపించాలంటే ‘అకీ’ అంటారు. ‘అకా’ అంటే ఈ పక్కన, ఇటువైపు, అలా.

సింధు: మరి రుల్ఫో ‘అకీ’ అని రాయొచ్చుగా? ఎందుకు రాయలేదు?

(రఘు పల్లీలు నములుతూ సీలింగ్ ఫ్యాన్ కేసి చూశాడు. చాలాసేపే చూశాడు.)

రఘు: వాడెక్కడున్నాడో వాడికే సరిగ్గా తెలీదేమో.

సింధు: ఇది క్లాసులో చెప్తాను.

రఘు: నా పేరు చెప్పకు. జీతం సంగతి మాత్రం నేనన్నదే నిజం, అందులో మార్పు లేదు.

ఫోన్ మోగింది. క్యాబ్ డ్రైవరు. రఘు లేచి బ్యాగు తగిలించుకున్నాడు. స్పీకర్లో నాకూ వినిపించింది: “దారిలోనే ఉన్నా సార్, రెండు నిమిషాలు.”

“అఒరీతా” అంటూ రఘు బ్యాగు పక్కన పెట్టి మళ్ళీ కూర్చున్నాడు. “ఏదీ, రెండో వాక్యం చదువు.”