లేబుల్ కప్పి రుచి చూద్దాం

మన సంఘం విందుల్లో బల్ల మీదికి విస్కీ సీసా వచ్చిందంటే, మూత తీయకముందే దాని మీద తీర్పు వెలువడుతుంది. పన్నెండేళ్లదా పద్దెనిమిదేళ్లదా, ఎంతకు కొన్నారు, పెట్టెతో సహా వచ్చిందా అన్న ప్రశ్నలతోనే విచారణ ముగిసిపోతుంది. ఈ మధ్య దీనికి ఇంకో అలవాటు తోడైంది. అమెరికాలో మనం ఉంటున్న ఊళ్ల చుట్టుపక్కల విస్కీ కాచే చిన్న చిన్న డిస్టిలరీలు వెలిశాయి, అక్కడి సీసా మీద చేత్తో రాసిన పీపా నంబరు కనిపిస్తే చాలు, అది గొప్పదే అయి ఉంటుందని రుచి చూడకముందే నమ్ముతున్నాం. వయసు చూసి మెచ్చుకోవడమూ, చిన్నవాడు కష్టపడి చేశాడని మెచ్చుకోవడమూ ఒకటే పొరపాటని నా అభిప్రాయం, ఎందుకంటే రెండు సందర్భాల్లోనూ గ్లాసులో ఏముందో ఎవరూ పట్టించుకోవడం లేదు.

ఓరుగల్లు ప్రాంతం నుంచి వచ్చినవాళ్లం ఇలా చేయడం నాకు మరీ బాధగా ఉంటుంది. మా పరకాల వైపు ఊళ్లలో లొట్టి దించగానే వాసన చూసి, అది ఈతకల్లో తాటికల్లో, పొద్దుటిదో నిన్నటిదో, నీళ్లు కలిసిందో లేదో చెప్పగల పెద్దమనుషులు ఉండేవారు. మత్తుమందు కలిపిన కల్లయితే నాలుక మీద పడగానే పక్కన పెట్టేవారు. కల్లు గంటగంటకూ పులుస్తుంది కాబట్టి తీపి ఎక్కడ తగ్గి పులుపు ఎక్కడ మొదలైందో పట్టుకోవడం తాగేవాళ్లందరికీ వచ్చిన విద్యే. అలాంటి ఇళ్ల నుంచి వచ్చిన మనం విస్కీ గ్లాసు పట్టుకుని మాత్రం ధర చెప్పి ఊరుకుంటున్నాం.

పోయిన సంక్రాంతికి హన్మకొండ వెళ్లినప్పుడు బర్బన్ అనే అమెరికా విస్కీ మూడు అర సీసాలు తీసుకెళ్లాను. మా మేనత్త కొడుకు ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి మానేశాడు. మక్కల కుప్పలో చెయ్యి పెట్టి, గుప్పెడు ముక్కు దగ్గరికి తెచ్చుకుని, రెండు గింజలు కొరికి తేమ ఎంతో చెప్పేవాడు. తర్వాత మిషన్ పెట్టి చూసినా పెద్దగా తేడా వచ్చేది కాదు. అమెరికా చట్టం ప్రకారం బర్బన్ తయారీకి వాడే ధాన్యంలో కనీసం 51 శాతం మక్కజొన్నే ఉండాలి కాబట్టి, ఈ సరుకుకు ఆయనకంటే తగిన న్యాయనిర్ణేత నాకు దొరకడనిపించింది.

సీసాలకు పాత పేపరు చుట్టి, చాయ్ గ్లాసుల్లో కొద్దికొద్దిగా పోసి, సాసర్లు మూతపెట్టి పది నిమిషాలు వదిలేశాను. మొదటిది ఏ దుకాణంలోనైనా దొరికే పెద్ద డిస్టిలరీది. రెండోది ఒక చిన్న డిస్టిలరీలో పదిహేను నెలలు చిన్న పీపాలో ఉన్నది. మూడోది ఇంకొక చిన్న డిస్టిలరీలో నాలుగేళ్లు మామూలు పీపాలో ఉన్నది. ఆయనకు ఇవేవీ చెప్పలేదు. ఒక్కో సాసరూ తీసి గ్లాసును ముక్కుకు కాస్త ఎడంగా పట్టుకుని చూస్తూ రెండోదాని దగ్గర ఆగాడు.

"మూడిట్ల మక్కలే అంటున్నవ్ గని బావా, గీ నడిమి దాంట్ల మక్క వాసనే లేదు. సామిల్లు కాడ నిలవడ్డట్టున్నది" అన్నాడు. ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాక, "నాలిక గుంజుతాంది. తుమ్మచెక్క నానవెట్టిన నీళ్ల లెక్కున్నది" అన్నాడు. మొదటిదానిలో తప్పేమీ చెప్పలేదు, మెచ్చుకోనూ లేదు. మూడోదాని దగ్గర మాత్రం చాలాసేపు కూర్చుని, "గిది బొగ్గుల మీద కాల్చిన కంకి" అన్నాడు.

ఆయన ముక్కు పట్టుకున్నదానికి కారణం పీపాలో ఉంది. బర్బన్‌ను లోపల కాల్చిన కొత్త ఓక్ పాత్రలోనే నిలవ చేయాలని, అందులో పోసేటప్పుడు ఆల్కహాల్ 62.5 శాతం మించకూడదని చట్టం చెబుతుంది, కానీ ఆ పాత్ర ఎంత పెద్దదిగా ఉండాలో చెప్పదు. పెద్ద డిస్టిలరీలు సాధారణంగా 53 గ్యాలన్ల పీపా వాడతాయి, అంటే దాదాపు 200 లీటర్లు. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఏళ్ల తరబడి ఆగలేని చిన్నవాళ్లలో కొందరు పది గ్యాలన్లు, ఐదు గ్యాలన్ల పీపాలు వాడతారు. పీపా చిన్నదయ్యేకొద్దీ ప్రతి లీటరుకూ తగిలే చెక్క ఎక్కువవుతుంది కాబట్టి రంగూ, వనిల్లా వాసనా, వగరూ తొందరగా దిగుతాయి. అయితే చెక్క గుండా గాలి మెల్లమెల్లగా లోపలికి చేరి సారలోని గరుకుదనాన్ని తగ్గించే పనికి కాలం కావాలి, దాన్ని ఏ పీపా తొందరపెట్టలేదు. అందుకే అలాంటి విస్కీ కంటికి నాలుగేళ్లదిగా కనిపించి నాలుకకు రంపపు పొట్టులా తగులుతుంది. తయారుచేసేవాడి వడ్డీల భారం నాకు అర్థమవుతుంది, కానీ రుచి చెప్పేటప్పుడు ఆ భారాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

చిన్నవాళ్ల పనితనం అసలు తెలిసేది బట్టీ దగ్గర. కాచేటప్పుడు మొదట దిగేదానిలో ఇథైల్ అసిటేట్ లాంటివి ఎక్కువగా ఉండి గోళ్ల రంగు తుడిచే మందు వాసన వేస్తుంది. చివర దిగేదానిలో తడిసిన అట్ట, ముక్కిన బియ్యం వాసనలు ఉంటాయి. ఈ రెండింటి నడుమ ఎక్కడ పట్టడం మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో కాచేవాడే తేల్చుకోవాలి. నాలుగు సీసాలు ఎక్కువొస్తాయని ఆశపడి ఆపడం ఆలస్యం చేస్తే ఆ తడి అట్ట వాసనను ఏ ఓక్ చెక్కా పూర్తిగా కప్పలేదు.

రుచి చూసి మాట చెప్పేశాక లేబుల్ చదవడం మంచిదే. "డిస్టిల్డ్ బై" అని ఉంటే వాళ్లే కాచారని అర్థం, కేవలం "బాటిల్డ్ బై" అని ఉంటే ఇంకెక్కడో పెద్ద ఫ్యాక్టరీలో కాచినది కొని నింపి ఉండవచ్చు. అలా కొనడం తప్పు కాదు, దాన్ని చేతిపని అని చెప్పి అమ్మడమే తప్పు. "బాటిల్డ్ ఇన్ బాండ్" అన్న ముద్రకు 1897 నాటి చట్టం ఆధారం. ఒకే డిస్టిలరీలో ఒకే సీజన్‌లో కాచి, కనీసం నాలుగేళ్లు ఉంచి, సరిగ్గా 50 శాతం ఆల్కహాల్‌తో నింపినదానికే ఆ ముద్ర వేస్తారు. మా బావ మెచ్చిన మూడోదాని మీద ఆ ముద్రే ఉంది.

యాభై శాతం ఉన్నదాన్ని నీళ్లు కలపకుండా తాగడమే మగతనమనుకునేవారు మనలో ఇంకా ఉన్నారు. విస్కీలు కలిపి రుచి కుదిర్చే నిపుణులు వాసన చూసేందుకు దాన్ని దాదాపు 20 శాతానికి పలచబరుస్తారు. స్వీడన్‌లో కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2017లో కంప్యూటర్ లెక్కలతో ఇందుకు ఒక కారణం చూపారు. పొగ వాసననిచ్చే గ్వయకాల్ అనే పదార్థం ఆల్కహాల్ 45 శాతం వరకు ఉన్నప్పుడు పై పొరకు దగ్గరగా ఉంటుందనీ, ఆల్కహాల్ బాగా పెరిగితే లోపలికి వెళ్లిపోతుందనీ వారు చెప్పారు. అందువల్ల నాలుగు చుక్కల నీళ్లు వేసి మళ్లీ వాసన చూడాలి. మనవాళ్లకు అమర్యాదగా తోచినా ఉమ్మివేయడానికి పక్కన ఒక గిన్నె ఉండాలి, కారు నడపాల్సినవాళ్లకైతే అది తప్పనిసరి.

వయసు సంగతీ చెప్పాలి. స్కాట్లాండ్‌లో పీపాలోంచి ఏడాదికి దాదాపు రెండు శాతం ఆవిరైపోతే బెంగళూరులో పది శాతం దాటుతుంది. అక్కడి అమృత్ సింగిల్ మాల్ట్ 2004లో గ్లాస్గోలో విడుదలైనప్పటి నుంచీ, చల్లటి దేశపు ఏళ్ల లెక్క అన్నిచోట్లా పనిచేయదని విస్కీ తెలిసినవాళ్లు ఒప్పుకుంటూ వచ్చారు. రోహిణిలో రోళ్లు పగిలే హన్మకొండలో ఒక పీపాను పద్దెనిమిదేళ్లు ఉంచితే అడుగున మిగిలేది ఏ కొంచెమో.

అన్నిటికన్నా నన్ను పట్టి పీడించేది మాటల సంగతి. రుచి చూసి రాసే కాగితాల మీద మనవాళ్లు టాఫీ, కారమెల్, వనిల్లా అని ఇంగ్లీషు మాటలే ఎక్కిస్తారు. మా బావకు ఆ మాటలేవీ తెలియవు, అయినా ఆయన సామిల్లు, తుమ్మచెక్క, కాల్చిన కంకి అన్న మూడు మాటలతో మూడు సీసాల భేదం తేల్చాడు. ఓక్ చెక్క నుంచి వచ్చే లాక్టోన్లనే పదార్థాల వాసన మనకు ఎండుకొబ్బరి. పులిసేటప్పుడు పుట్టే ఐసోఅమైల్ అసిటేట్ వాసన మాగిన అరటిపండు. సకినాల పిండిలోని వాము, వేయించిన నువ్వులు, ముదురుతున్న బెల్లం పాకం, చాప మీద ఎండిన ఇప్పపువ్వు, మేడారంలో గద్దెల దగ్గర గుట్టగా పడిన బంగారం, అంటే మొక్కు బెల్లం, మీదినుంచి వచ్చే తీపి వాసన, ఇన్ని గుర్తులు ముక్కులో పెట్టుకుని టాఫీని అరువు తెచ్చుకోవలసిన అవసరం నాకు కనిపించదు.

రెండేళ్ల కిందట మా ఊరి దగ్గరి ఒక చిన్న డిస్టిలరీ యజమాని మమ్మల్ని ఆదరంగా పిలిచి బట్టీ అంతా తిప్పి చూపించాడు. ఆ మర్యాదకు కరిగిపోయి ఆయన విస్కీని మెచ్చుకుంటూ సంఘం సభ్యులకు రాశాను, నా మాట మీద కొందరు కొన్నారు కూడా. అది నేను వాళ్లకూ ఆయనకూ కూడా చేసిన అన్యాయం. మా బావ ముందు పెట్టిన నడిమి గ్లాసులో ఉన్నది ఆయన విస్కీయే.

ఈసారి వేసవి వనభోజనాల్లో ఒక బల్ల మీద నాలుగు సీసాలకు పేపరు చుట్టి పెడదామని, పక్కన నీళ్లు, గిన్నె, తెలుగులో రాయడానికి తెల్ల కాగితాలు ఉంచుదామని సంఘం పెద్దలకు విన్నవించుకుంటున్నాను. ఆ కాగితాలు మన దగ్గరే ఉండిపోకుండా తయారుచేసినవాళ్లకు చేరాలి. హన్మకొండ నుంచి తిరిగొచ్చాక నేను మొదట ఆ డిస్టిలరీకే వెళ్లి, మా బావ అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. తుమ్మచెక్క అంటే ఏమిటని అడిగితే, మా వైపు తోళ్లు పదును చేయడానికి వాడే చెట్టు బెరడని, నోట్లో పెడితే నాలుక పట్టేస్తుందని చెప్పాను. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి, పీపా నంబరు పక్కన ఆ మాట రాసుకుని, అక్షరాలు సరిగ్గా ఉన్నాయా అని నాకు చూపించాడు.