క్యాజువాలిటీకి తెలుసు, స్టేషన్‌కు తెలియదు

గంజాయి మూటలు, ట్యాబ్లెట్ల డబ్బాలు బల్ల మీద పేర్చి, వెనకాల ముఖాలకు ముసుగులు వేసిన కుర్రాళ్లను నిలబెట్టి పోలీసులు ప్రెస్‌మీట్ పెట్టడం బెంగళూరులో మామూలైపోయింది. సరుకు పట్టుకున్నందుకు పోలీసులను మెచ్చుకోవాల్సిందే. కానీ ఎన్ని కిలోలు పట్టుకున్నారన్నదాన్ని బట్టి నగరంలో మత్తు పెరిగిందో తగ్గిందో చెప్పలేం. స్పెషల్ డ్రైవ్ పెట్టిన నెలలో కేసులు పెరుగుతాయి. ఎన్నికల బందోబస్తుకో గణేశ నిమజ్జనానికో సిబ్బంది తరలిపోయిన నెలలో తగ్గుతాయి. ఆ అంకెలు చెప్పేది పోలీసులు ఎంత పని చేశారన్నదే. అసలు సమస్య ఎంతన్నది వాటిలో కనిపించదు. పైగా ఊళ్లో ఎక్కువ తలలు పగలగొడుతున్నదీ, ఎక్కువ ఇళ్లు కూల్చుతున్నదీ మద్యం. అది ఖజానాకు ఆదాయం తెచ్చే సరుకు కాబట్టి ఏ ప్రెస్‌మీట్‌లోనూ బల్ల ఎక్కదు.

మరి సంగతి ఎవరికి తెలుసు? ఆసుపత్రి క్యాజువాలిటీకి తెలుసు. శనివారం కూలి డబ్బులు చేతికొచ్చిన రాత్రి అక్కడికి వచ్చేవాళ్లను చూడండి. పాలమూరు నుంచో అనంతపురం నుంచో వచ్చి మేస్త్రీ కింద సెంట్రింగ్ పని చేసే కుర్రాడు. కనుబొమ్మ చీలింది, కాలర్ దాకా రక్తం. ఏమైందని డాక్టర్ అడిగితే ‘మెట్ల మీంచి పడ్డా సార్’ అంటాడు. అది సీసా దెబ్బ అని డాక్టర్‌కూ తెలుసు, కుట్లు వేసే నర్సుకూ తెలుసు. కొట్లాట అని చెబితే మెడికో లీగల్ కేసు రాస్తారు, స్టేషన్‌కు కబురు వెళుతుంది, అక్కడ రాని కన్నడంలో జవాబు చెప్పుకోవాలి, రెండు రోజుల కూలి పోతుంది. మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు మాత్రం నెత్తి మీద అలాగే ఉంటుంది. అందుకే కుట్లు వేయించుకుని షెడ్డుకు వెళ్లిపోతాడు. మొగుడి చేతిలో దెబ్బలు తిన్న ఆడమనిషి ‘బాత్‌రూమ్‌లో జారిపడ్డా’ అని చెప్పడం కూడా ఇలాంటిదే. ఈ రెండు దెబ్బలూ ఏ నేర గణాంకాల్లోనూ ఎక్కవు.

ఇదే విషయం బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో ఒక డాక్టర్‌ను తొలిచింది. జొనాథన్ షెపర్డ్ అప్పట్లో కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్, దవడలకు, ముఖానికి ఆపరేషన్లు చేసే సర్జన్. పగిలిన గ్లాసులతో ముఖాలు చీరుకుపోయి వచ్చేవాళ్లలో చాలామంది పోలీసుల దాకా వెళ్లడం లేదని ఆయన పరిశోధనలో తేలింది. దాంతో పోలీసులను, ఆసుపత్రిని, నగరపాలక సంస్థను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టారు. గాయంతో వచ్చినవాళ్లను రిసెప్షన్‌లోనే అడుగుతారు: ఎక్కడ జరిగింది, ఎప్పుడు జరిగింది, దేనితో కొట్టారు. పేరు, అడ్రసు తీసేసి ఆ మూడు సంగతులే పోలీసులకు, నగరపాలక సంస్థకు పంపుతారు. ఏ వీధిలో, ఏ పబ్ ముందు, ఏ గంటలో గొడవలు అవుతున్నాయో తెలిశాక గస్తీ అక్కడికి మళ్లింది. లైసెన్సుల విషయంలోనూ ఆ సమాచారమే చూశారు. కార్డిఫ్‌ను అలాంటివే ఇతర నగరాలతో పోల్చిన అధ్యయనం 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. హింస వల్ల గాయపడి ఆసుపత్రిలో చేరేవాళ్లు ఆ నగరాల కంటే కార్డిఫ్‌లో 42 శాతం తగ్గారని తేల్చింది. అందుకోసం కొత్త చట్టమేదీ అక్కర్లేకపోయింది.

అది విదేశపు ముచ్చట, మన దగ్గర సాగదు అనేవాళ్లకు బెంగళూరే జవాబు చెబుతుంది. రోడ్డు ప్రమాదాల విషయంలో ఈ నగరం ఇలాంటి పని ఎప్పుడో మొదలుపెట్టింది. 2000ల దశకంలోనే ఇక్కడి జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో జబ్బులు, గాయాలు ఎవరికి, ఎక్కడ వస్తున్నాయో లెక్కగట్టే ఎపిడెమియాలజీ విభాగం పోలీసు రికార్డులను, ఆసుపత్రుల రికార్డులను కలిపి గాయాల లెక్క తీసింది. పరప్పన అగ్రహార సెంట్రల్ జైలులో అయిదు వేల మందికి పైగా ఖైదీలను పరీక్షించి 2011లో ఒక నివేదిక ఇచ్చింది కూడా నిమ్హాన్సే. ఖైదీల్లో దాదాపు 80 శాతం మందికి మానసిక సమస్యో, మత్తు పదార్థాల వాడకమో ఉందని అందులో తేలింది. మత్తును పక్కన పెట్టి చూస్తే ఆ సంఖ్య 28 శాతం లోపుకు పడిపోయింది. అంటే జైలు గోడల లోపల ఉన్న సమస్యలో పెద్ద వాటా మత్తుదే. అలాంటప్పుడు జైళ్లలో వార్డర్లతో పాటు మత్తు అలవాటు మాన్పించే డీఅడిక్షన్ డాక్టర్లను కూడా పెంచాలి.

జాతీయ మానసిక ఆరోగ్య సర్వేను 2015–16లో నడిపిందీ ఇదే సంస్థ. మద్యం వల్ల జబ్బుపడ్డవాళ్లలో 86 శాతం మందికి వైద్యం అందడం లేదని ఆ సర్వే చెప్పింది. అయితే అది జరిగిన 12 రాష్ట్రాల్లో కర్ణాటక లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు. ముందుగా ప్రయోగాత్మకంగా తెలుగు మాట్లాడేవాళ్లు బాగా ఉన్న కోలారు జిల్లాలో చేశారు, అంతే. పైగా ఇంటింటి సర్వే అంటే ఇల్లు ఉన్నవాళ్ల లెక్క. నీలం రేకుల లేబర్ షెడ్డులో ఉండేవాళ్లు, మారతహళ్లి పీజీలో గదికి నలుగురు చొప్పున సర్దుకునే పిల్లలు అలాంటి సర్వేకు సరిగా చిక్కరు. బెంగళూరుకు వచ్చే తెలుగువాళ్లలో ఎంతోమంది మొదట దిగేది సరిగ్గా ఆ రెండు చోట్లే.

పీజీ పిల్లల సంగతి కొంచెం వేరు. రూమ్మేట్ మత్తులో పడ్డాడని తెలిసినా పక్క మంచం అబ్బాయి నోరు విప్పడు. పోలీస్ కేసు అవుతుంది, కాలేజీలో తెలుస్తుంది, ఊళ్లో నాన్నకు తెలుస్తుంది. ఆ భయంలో నిజం ఉంది కూడా. మత్తుమందు వాడటమే మత్తుమందుల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) 27వ సెక్షన్ కింద నేరం. కానీ అదే చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది. మత్తుకు బానిసైన మనిషి వాడిన కేసులో గానీ, కొద్ది మొత్తం దొరికిన కేసులో గానీ ఇరుక్కున్నప్పుడు, తనంతట తాను గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు సిద్ధపడితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. ‘మద్యం, సిగరెట్ నిషేధం’ అని తెలుగులో బోర్డు పెట్టే పీజీ యజమానులు దాని కిందే ఈ సెక్షన్ సంగతి, 14446 డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ నంబరు, మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే టెలీమానస్ నంబరు 14416 రాయించాలి.

కార్డిఫ్ పద్ధతిని బెంగళూరు ఆసుపత్రుల్లోనూ పెట్టాలన్నది మా ప్రతిపాదన. దీనికి అభ్యంతరాలు వస్తాయి. అన్నిటికంటే బరువైనది గోప్యత. పేరు లేని కాగితమని చెప్పి, రేపు దాన్ని పట్టుకుని ఎవరైనా షెడ్డు తలుపు తడితే ఆ తర్వాత క్యాజువాలిటీలో ఒక్కరూ నిజం చెప్పరు. అందుకే ఆ సమాచారం నేరుగా పోలీసులకు వెళ్లకూడదు. ముందు నిమ్హాన్స్ చేతికి వెళ్లాలి. చోటు, గంట, సాధనం తప్ప మిగతావన్నీ అక్కడే తీసేసి, వీధుల స్థాయి లెక్క మాత్రమే బయటికి రావాలి. మెడికో లీగల్ కేసు రాయాల్సిన చోట దాని దారి దానిది, దీనికీ దానికీ ముడిపెట్టకూడదు. ఫలానా బస్తీ చెడ్డదని ముద్ర పడుతుందన్న భయం కూడా ఉంది. అది తీరాలంటే లెక్కతో పాటు ఆ వీధిలో ఎన్ని వీధి దీపాలు వెలుగుతున్నాయో, ఎన్ని మద్యం దుకాణాలకు లైసెన్స్ ఇచ్చారో కూడా పక్కపక్కనే అచ్చువేయాలి. అప్పుడు జవాబు చెప్పాల్సింది బస్తీవాళ్లు కాదు, లైసెన్స్ ఇచ్చిన ఎక్సైజ్ శాఖ. క్యాజువాలిటీ సిబ్బందికి ఊపిరాడదన్న మాట నిజమే. అందుకే రాసే పని డాక్టర్ల మీద వేయకుండా ఒక డేటా ఎంట్రీ ఉద్యోగిని పెట్టాలి. కెమెరాలకు, కంట్రోల్ రూమ్‌లకు వందల కోట్లు ఖర్చు పెడుతున్న నగరానికి ఆ జీతం భారం కాదు.

కర్ణాటక ఆరోగ్య శాఖ, నగర పోలీసు కమిషనర్ కార్యాలయం, నిమ్హాన్స్ ఈ ఏడాదే ఒక ఒప్పందానికి రావాలని కోరుతున్నాం. మొదట అయిదు పెద్ద ఆసుపత్రులు చాలు. ప్రశ్నలు కన్నడంలో, తెలుగులో, తమిళంలో, హిందీలో, ఉర్దూలో ఉండాలి. మూడు నెలలకోసారి లెక్క అందరికీ తెలిసేలా ప్రకటించాలి. నగరంలోని తెలుగు సంఘాలు ఉగాదికి, సంక్రాంతికి వేదికలు కట్టడంలో చూపే ఓపికలో కొంత శనివారం, ఆదివారం రాత్రుల్లో క్యాజువాలిటీలో తెలుగు మాట్లాడే వాలంటీర్లను కూర్చోబెట్టడానికి మళ్లించాలి. ఆసుపత్రులు ఒప్పుకుంటే ఆ వాలంటీర్ల పిలుపును ఈ పత్రికలో ఉచితంగా ప్రచురిస్తాం.